మీట పడింది... చక్రం తిరిగిందా?

బంగారుపాళ్యం దగ్గర ఓ మామిడి రైతు ఉన్నాడనుకుందాం. ఏడెకరాల తోతాపురి తోట. తారు రోడ్డు మీంచి తోటలోకి వెళ్లాలంటే కిలోమీటరు మట్టిదారి. ఎండాకాలం ఫర్వాలేదు. వాన పడిందా... కారు చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. పక్క పొలం ట్రాక్టరు వచ్చి తాడు కట్టి లాగాలి. తిరుపతిలో ఉద్యోగం చేసే కొడుకు ఓ ఆదివారం ఫోన్ చేశాడు.

''నాయనా, ఒక జిప్సీ ఉండాది. ఫోర్ వీల్. పెయింటు కొత్తగా ఉండాది. రెండున్నర లక్షలంట. మనూరి అల్లుడిదే.''

అల్లుడంటే సొంత అల్లుడు కాదు. ఊళ్లో పిల్లని చేసుకున్నాడు కాబట్టి ఊరందరికీ అల్లుడే. తండ్రీకొడుకులు వెళ్లారు. అల్లుడు కాఫీ ఇప్పించి బండి స్టార్ట్ చేశాడు. గేరు రాడ్డు పక్కనున్న చిన్న రాడ్డును వెనక్కి లాగాడు. ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద 'ఫోర్ వీల్' లైటు వెలిగింది. ''చూసినావా మామా, లైటు పడింది. ఇంకేం కావాల?'' అన్నాడు.

ఇంకా చాలా కావాలి! ఆ లైటు చెప్పేది ఒక్కటే... రాడ్డు ఆ స్థానంలోకి వచ్చిందని. ముందు చక్రాలకు బలం అందుతోందా లేదా అన్నది దానికి తెలియదు. సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ బండ్లు కొనేవారు ఎక్కువగా మోసపోయేది అక్కడే. ఒక్కోసారి అమ్మేవారికి కూడా ఆ సంగతి తెలియకపోవడం ఇందులో తమాషా.

చిన్నబండి... పెద్ద పేరు

మనదేశంలో నాలుగు చక్రాలకూ బలం అందే బండి అనగానే ముందు గుర్తొచ్చేది జీపు. రెండో ప్రపంచయుద్ధం కోసం అమెరికాలో పుట్టిన ఆ బండిని 1940ల చివర్లోనే మహీంద్రా వారు ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. ఆ తరవాత 1985 డిసెంబరులో మారుతి సంస్థ జిప్సీని తెచ్చింది. జపాన్‌లో సుజుకీ చేసిన చిన్న జీపుకి ఇది కాస్త పొడవు సాగిన రూపం. మొదట్లో 970 సీసీ ఇంజిన్. 1996లో 1298 సీసీ ఇంజిన్‌తో 'జిప్సీ కింగ్' వచ్చింది. 2000లో దానికే ఎంపీఎఫ్ఐ ఇంజిన్ అమర్చారు. బరువు దాదాపు టన్ను. తేలికైన శరీరం, పైకి లేచిన అడుగు, నాలుగు మూలలా కమాన్ కట్టలు... బురదలో భారీ బండ్లు కూరుకుపోయే చోట కూడా ఇది దాటిపోయేది. సైన్యం వేల సంఖ్యలో కొన్నది అందుకే. పోలీసులూ, అటవీశాఖ వాళ్లూ వాడారు. భద్రతా ప్రమాణాలు మారడంతో 2019 మార్చిలో మామూలు కొనుగోలుదారుల కోసం తయారీ ఆగిపోయింది. 2023 జూన్‌లో జిమ్నీ వచ్చినా, అప్పట్లో దాని ధర పన్నెండున్నర లక్షల పైమాటే. దాంతో పాత జిప్సీకి గిరాకీ తగ్గలేదు.

చిన్నబండికి నాలుగు చక్రాల బలం అన్న ఆలోచన మన దగ్గరే కాదు, అన్ని కొండప్రాంతాల్లోనూ పనికొచ్చింది. ఇటలీలో ఫియట్ వారు 1983లో పాండా అనే బుల్లికారుకి ఫోర్ వీల్ డ్రైవ్ పెడితే ఆల్ప్స్ కొండల్లోని రైతులు అక్కున చేర్చుకున్నారు. కొండ, బురద, మంచు... ఎక్కడైనా సూత్రం ఒక్కటే. రెండు చక్రాలు జారినా మిగతా రెండు పట్టుకోవాలి.

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ఇలాంటి బండ్లు దొరకడం కష్టమేమీ కాదు. అటు బెంగళూరు, ఇటు చెన్నై. రెండు మహానగరాల మార్కెట్ల మధ్య ఉన్నాయి ఈ ఊళ్లు. సైన్యం వేలంలో తీసేసిన బండ్లూ చేతులు మారి ఇక్కడికి వస్తుంటాయి. 'ఆర్మీ బండి, ఆఫీసర్ వాడింది' అన్న మాట వినగానే కొందరు ఇక బేరం కూడా ఆడరు. కానీ సైన్యం ఏ బండినైనా తీసేసిందంటే వాడాల్సినంత వాడేసిందనే అర్థం. పైగా దాని ముదురు ఆకుపచ్చ రంగు చూసి మురిసిపోకూడదు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 121వ నిబంధన ప్రకారం ఆ ఆలివ్ గ్రీన్ రంగు రక్షణశాఖ వాహనాలకే పరిమితం. మామూలు జనం వాడకూడదు.

తడిబట్టను పిండినట్టు...

ఫోర్ వీల్ ఎందుకు చెడిపోతుంది? అది తెలియాలంటే బండి కిందికి ఒకసారి తొంగిచూడాలి.

ఇంజిన్ బలం గేర్ బాక్సులోకి వస్తుంది. అక్కణ్నుంచి 'ట్రాన్స్‌ఫర్ కేస్' అనే మరో పెట్టెలోకి. మామూలుగా ఆ పెట్టె బలాన్ని వెనక షాఫ్టుకి మాత్రమే పంపుతుంది. చిన్న రాడ్డు లాగితే ముందు షాఫ్టుకి కూడా పంపుతుంది. ఇంకో స్థానంలో పెడితే బండి నెమ్మదిగా, కానీ ఎక్కువ బలంతో కదులుతుంది. టూ హెచ్, ఫోర్ హెచ్, ఫోర్ ఎల్ అని రాడ్డు మీద రాసి ఉండేవి ఇవే. కొన్ని బండ్లలో ముందు చక్రాల మధ్యన ఉండే హబ్‌లను కూడా చేత్తో తిప్పి 'లాక్' చేయాలి. లేకపోతే రాడ్డు ఎంత లాగినా షాఫ్టు తిరుగుతుందే తప్ప చక్రం తిరగదు.

బండి మలుపు తిరిగేటప్పుడు నాలుగు చక్రాలూ ఒకే దూరం నడవవు. ముందు చక్రాలు వెనకవాటి కంటే పెద్ద వంపు తిరుగుతాయి. ఎడమ, కుడి చక్రాల మధ్య తేడాను సర్దడానికి మెకానిక్‌లు 'క్రౌన్' అని పిలిచే డిఫరెన్షియల్ ఉంది. కానీ జిప్సీ, జీపు, థార్, జిమ్నీ లాంటి బండ్లలో ముందుకీ వెనక్కీ మధ్య తేడాను సర్దే ఏర్పాటు లేదు. రాడ్డు లాగితే ముందు షాఫ్టూ, వెనక షాఫ్టూ ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. మట్టిలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడాను తానే సర్దుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద జారదు. అప్పుడు ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలిపడుతుంది. తడిబట్టను రెండు చేతులా పట్టి పిండినట్టే! స్టీరింగ్ బరువెక్కుతుంది. రాడ్డు తిరిగి రానని మొరాయిస్తుంది. అలాగే తోలితే పళ్లచక్రాలు అరుగుతాయి, షాఫ్టు చివరనుండే క్రాస్‌లు విరుగుతాయి.

ఇప్పుడు తిరుమల ఘాట్ రోడ్డును తలచుకోండి. 1944లో ప్రారంభమైన మొదటి దారి ఇప్పుడు దిగడానికి. దాంట్లో 36 పిన్ను మలుపులు. 1974 నాటి రెండో దారి ఎక్కడానికి. రెండూ చక్కటి తారు రోడ్లు. 'కొండెక్కుతున్నాం కదా, ఫోర్ వీల్ వేద్దాం' అని కొత్తగా బండి కొన్న కుర్రాడు రాడ్డు లాగాడో... స్వామి దర్శనం అయ్యేలోపు ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయుష్షు కొంత తగ్గినట్టే. కొండకి కావాల్సింది తక్కువ గేరు, మంచి బ్రేకులు. ఫోర్ వీల్ కాదు. హార్స్‌లీ హిల్స్ కైనా అంతే. కాబట్టి అమ్మేవారు 'ప్రతి నెలా ఫోర్ వీల్ వేసే కొండెక్కేవాళ్లం' అని గర్వంగా చెబితే, దాన్ని గొప్పగా కాక హెచ్చరికగా తీసుకోవాలి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన జబ్బు ఇంకోటి ఉంది. అసలు వాడకపోవడం! ఏళ్ల తరబడి ఫోర్ వీల్ వేయని బండిలో రాడ్డు బిగుసుకుపోతుంది. హబ్‌లోకి నీళ్లు చేరి తుప్పు పడుతుంది. ఆయిల్ మార్చాలన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఇంజిన్ ఆయిల్ మార్చేవారు కూడా ట్రాన్స్‌ఫర్ కేస్‌కూ, ముందు క్రౌన్‌కూ విడిగా ఆయిల్ ఉంటుందని మరిచిపోతుంటారు.

సంతలో ఎద్దును చూసినట్టు

మన రైతు సంగతికొద్దాం. కొడుక్కి అడ్వాన్సు ఇచ్చేయాలని తొందరగా ఉంది. తండ్రి మాత్రం ''ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, నడిపించి చూస్తాం. దీన్ని లైటు చూసి కొనేదా?'' అన్నాడు. చిత్తూరులో షెడ్డు నడిపే తెలిసిన మెకానిక్‌ను మర్నాడు పిలిపించారు. ఆయన ఇంజిన్ జోలికి పోలేదు. ముందు చాప పరిచి బండి కింద దూరాడు.

మొదట చూసింది ముందు షాఫ్టు అసలు ఉందా అని. నవ్వకండి! శబ్దం వస్తోందని, మైలేజీ రావట్లేదని ఆ షాఫ్టును విప్పి మూలన పడేసినవాళ్లు ఉంటారు. ఆ తరవాత బండి చేతులు మారితే కొత్త ఓనరుకు ఆ ముచ్చటే తెలియదు.

రెండోది ఆయిల్ మరకలు. ట్రాన్స్‌ఫర్ కేస్ అడుగున, ముందు క్రౌన్ దగ్గర, ముందు చక్రాల లోపలివైపు గుండ్రటి భాగంలో తడి ఉందా? కొత్తగా కడిగేసి ఉంటే అది మరీ అనుమానించాల్సిన విషయం. వెనక చక్రాల లోపలి సీలు పోయి ఆయిల్ కారితే అది నేరుగా బ్రేక్ డ్రమ్ములోకి చేరుతుంది. ఆయిల్ తడిసిన బ్రేకులతో 36 మలుపులు దిగడమంటే... ఊహించుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. ఫోర్ వీల్ లేకపోతే బురదలో దిగబడతాం. బ్రేకు లేకపోతే? అందుకే ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు.

మూడోది టైర్లు. నాలుగూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. ముందు ఒక రకం, వెనక ఒక రకం వేసి ఫోర్ వీల్ వాడితే నేరుగా వెళ్తున్నా షాఫ్టుల్లో మెలి పడుతూనే ఉంటుంది. డస్టర్ ఏడబ్ల్యూడీ, గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్ లాంటి బండ్లలో అవసరాన్ని బట్టి బలం తనంతట తానే ముందూ వెనకా సర్దుకుంటుంది. వాటికి ఈ టైర్ల తేడా మరింత చేటు. లోపలి క్లచ్ వేడెక్కి పాడవుతుంది. అలాంటి బండ్లకు చాపకింద పరీక్ష చాలదు. కంప్యూటర్ స్కానర్ పెట్టి లోపాల కోడ్‌లు చూపించమనాలి.

నాలుగోది ఆయిల్ రంగు. ట్రాన్స్‌ఫర్ కేస్ బిరడా కొద్దిగా విప్పి వేలితో చూస్తే చాలు. మాడిన వాసన వస్తే లోపల బాగా వేడెక్కిందని. మెరిసే ఇనుప పొడి ఎక్కువగా ఉంటే పళ్లచక్రాలు అరిగాయని. పాలెక్కువైన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయని. ఈ ఆఖరిది మన ప్రాంతంలో తప్పక చూడాలి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు కాలువలయ్యాయి. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లకు ఊళ్లు నిద్రపోలేదు. అలాంటి నీళ్లలో మునిగిన బండ్లను పైపైన తుడిచి అమ్మితే, సీట్ల కవర్లు అబద్ధం చెప్పొచ్చు కానీ క్రౌన్‌లోని ఆయిల్ చెప్పదు.

జాకీ చెప్పే నిజం

ఇక అసలు పరీక్ష. ఇంజిన్ ఆపేయాలి. చదునైన చోట బండిని నిలిపి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ముందు చక్రాల్లో ఒక్కదాన్ని మాత్రం జాకీతో లేపి, కింద గట్టి స్టాండు పెట్టాలి. ఉత్త జాకీని నమ్మి ఎవరూ కిందికి దూరకూడదు.

రాడ్డు టూ హెచ్‌లో ఉన్నప్పుడు లేపిన చక్రాన్ని చేత్తో తిప్పితే తిరగాలి. ఇప్పుడు హబ్‌లు లాక్ చేసి, రాడ్డును ఫోర్ హెచ్‌లో పెట్టాలి. మళ్లీ తిప్పి చూస్తే చక్రం కొద్దిగా కదిలి ఆగిపోవాలి. ఎందుకంటే అది ముందు షాఫ్టు ద్వారా, ట్రాన్స్‌ఫర్ కేస్ ద్వారా నేలమీదున్న వెనక చక్రాలతో ముడిపడిపోయింది. అలా కాకుండా ధారాళంగా తిరిగిందంటే... మధ్యలో ఎక్కడో ముడి తెగినట్టే.

ఎక్కడ తెగిందో కూడా అక్కడే తెలుస్తుంది. చక్రంతోపాటు ముందు షాఫ్టు కూడా తిరుగుతుంటే లోపం ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ఉంది. చక్రం తిరుగుతూ షాఫ్టు కదలకుండా ఉంటే లోపం హబ్‌లోనో, ఇరుసులోనో, ముందు క్రౌన్‌లోనో ఉంది. రెండో ముందు చక్రాన్నీ ఇలాగే చూడాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి మాత్రం ఈ పరీక్ష ఎప్పుడూ చేయకూడదు. నేలమీదున్న చక్రాలు బండిని జాకీ మీంచి దూకించేస్తాయి.

మెకానిక్ రాడ్డు లాగాడు. డ్యాష్‌బోర్డు మీద లైటు చక్కగా వెలిగింది. ఎడమ చక్రం మాత్రం గాలికి తిరిగే గిరగిరలా తిరిగింది. షాఫ్టు కదల్లేదు. కొడుకు మొహం వాడిపోయింది. అల్లుడి మొహం అంతకంటే వాడిపోయింది. ''మామా, ఒట్టు. మూడేండ్లయింది నేను తీసుకుని. టౌన్లోనే తిప్పినా. ఫోర్ వీల్ వేసింది లేదు'' అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు.

రెండు ముందు చక్రాల మధ్యా క్రౌన్ ఉంటుంది కదా. ఒకవైపు ముడి తెగితే బలమంతా ఆ తెగిన వైపే వృథాగా పోతుంది. రెండోవైపు చక్రానికీ ఏమీ అందదు. అంటే ఒక్క హబ్ పోతే పేరుకు ఫోర్ వీల్, పనికి టూ వీల్!

జాకీ పరీక్షలో గట్టెక్కినా మట్టిలో ఓసారి తోలి చూడాలి. ఫోర్ హెచ్‌లో నెమ్మదిగా, స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుండ్రంగా నడిపితే ముందు చక్రాల దగ్గర టకటకమని శబ్దం వస్తుందా? అయితే ఇరుసు చివరి జాయింట్లు అరిగాయి. ఫోర్ ఎల్‌లో మట్టి వాలు దిగుతూ యాక్సిలరేటర్ వదిలేస్తే రాడ్డు తనంతట తానే బయటికి దూకుతుందా? లోపలి పళ్లు గుండ్రబడ్డాయి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ వదిలినప్పుడూ 'ఠంగ్' అంటుందా? అది షాఫ్టు క్రాస్.

కొనాలా, మానాలా?

ఫోర్ వీల్ చెడిపోయిందని తేలినంత మాత్రాన బండిని వదిలేయాలని లేదు. మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, అసలు ఫోర్ వీల్ అవసరమా? తిరుపతి నుంచి చిత్తూరుకు రోజూ తిరిగేవారికీ, నెలకోసారి కొండకు వెళ్లేవారికీ అవసరం లేదు. అలాంటివారు అదే డబ్బుతో మంచి మామూలు కారు కొనుక్కోవడం మేలు. ఫోర్ వీల్ బండికి ఆయిళ్లు ఎక్కువ, సీళ్లు ఎక్కువ, పెట్రోలూ కొంచెం ఎక్కువే తాగుతుంది. తోట, గుట్ట, అడవి అంచు ఊళ్లు... వీటిలో తిరిగేవారికే ఆ ఖర్చుకు ఫలితం. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఫోర్ వీల్ ఉంది కదా అని పొంగే వాగులో బండి దింపకూడదు. నీటి వేగానికి టన్ను బరువు లెక్కే కాదు.

రెండోది, ఏది పోయింది? హబ్, సీళ్లు, షాఫ్టు క్రాస్‌లు అయితే పని చిన్నది. ముందు క్రౌన్ లేదా ట్రాన్స్‌ఫర్ కేస్ లోపలి పళ్లచక్రాలు అయితే పెద్దది. బండినే ఆపేశారు కాబట్టి జిప్సీ సామాన్ల కోసం చాలామంది చెన్నై పుదుపేట పాతసామాన్ల బజారు దాకా వెళ్లాల్సిందే. అక్కడ దొరికేదీ ఇంకో పాతబండి నుంచి విప్పిందే. దాని లోపల ఎలా ఉందో మళ్లీ విప్పి చూసుకోవాలి.

మూడోది, ఎంతకు బాగవుతుంది? ఇది ఊహించి చెప్పకూడదు. మెకానిక్ దగ్గర సామాన్లకెంత, కూలి ఎంత అని విడివిడిగా కాగితం మీద రాయించుకోవాలి. విప్పాక ఇంకేదైనా బయటపడుతుందని దానిపై మరికొంత వేసుకోవాలి. ఆ మొత్తం బండి ధరలో తగ్గాలి. 2025లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీల ధరకు తోడుగా ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలపాల్సి వచ్చిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. అలాంటి ఏడాది చూసిన రైతుకు ముప్ఫై నలభై వేల అనుకోని రిపేరంటే ఎన్ని బుట్టల కాయ!

1872 నాటి గుర్రం కథ

'చెప్పకుండా అమ్మితే మోసం కాదా? కేసు వేయలేమా?' అని చాలామంది అడుగుతారు. దీనికి సమాధానం నూట యాభై ఏళ్ల కిందటే ఓ గుర్రం రూపంలో రాసి ఉంది.

1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో 17వ సెక్షన్ మోసం గురించి చెబుతుంది. అందులో ఉదాహరణలుగా ఇచ్చిన కథలు అచ్చం మన సంతల్లో జరిగేవే. ఒకాయన తన గుర్రానికి జబ్బుందని తెలిసీ నోరు మెదపకుండా వేలంలో అమ్మాడు. అది మోసం కాదంటుంది చట్టం. ఊరికే మౌనంగా ఉండటం తప్పు కాదు, చూసుకోవాల్సింది కొనేవాడే.

అయితే అదే గుర్రాన్ని కొంటున్నది అమ్మేవాడి కూతురే అయితే? ఆమె అప్పుడే మైనారిటీ తీరిన పిల్ల. అలాంటి బంధంలో నిజం చెప్పడం తండ్రి బాధ్యత. చెప్పకపోతే తప్పే. ఊరి అల్లుడి వరస అంత దూరం వస్తుందా అంటే... కష్టమే!

అన్నిటికంటే పనికొచ్చేది ఇంకో ఉదాహరణ. కొనేవాడు ''నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను'' అన్నాడు. అమ్మేవాడు మాట్లాడలేదు. ఇక్కడ ఆ మౌనం మాటతో సమానం. చిన్న వాక్యం, పెద్ద తేడా! కాబట్టి అడగాలి. నోటితో కాదు, ఫోన్‌లో మెసేజ్‌గా. 'ఫోర్ వీల్, ఫోర్ ఎల్ రెండూ పనిచేస్తున్నాయనీ, ముందు క్రౌన్, ట్రాన్స్‌ఫర్ కేస్ బాగున్నాయనీ మీరు కాదనకపోతే అలాగే అనుకుని కొంటున్నాను' అని. జవాబు వచ్చినా రాకపోయినా ఆ మెసేజ్ దాచుకోవాలి.

తెలిసీ అబద్ధం చెప్పినా, లోపాన్ని కావాలని కప్పిపెట్టినా అది మోసమే. అప్పుడు ఒప్పందాన్ని రద్దు చేయమని కోర్టును అడగొచ్చు. కానీ 19వ సెక్షన్‌లో ఓ మెలిక ఉంది. మౌనంతో జరిగిన మోసమైతే, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుండి కూడా కొనేవాడు తెలుసుకోలేదని తేలితే ఆ హక్కు పోతుంది. జాకీ పెట్టి చూడటానికి ఎంతసేపు పడుతుందో పైన చూశాం!

సొంత బండిని ఒక్కసారి అమ్ముకునే మనిషి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కుదరదు. అది వ్యాపారంగా చేసే డీలరు మీదైతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. అందుకే డీలరు దగ్గర కొన్నప్పుడు బిల్లు, అందులో 'ఫోర్ వీల్ పనిచేస్తోంది' అన్న మాట రెండూ ఉండాలి.

కాగితాలూ నాలుగు చక్రాలే

బండి బాగున్నా కాగితాలు కుంటితే కదలదు. ఆర్సీలోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీదున్న నంబర్లతో కలవాలి. పాతబండ్లకు ఇంజిన్ మార్చడం మామూలే. అది ఆర్సీలో ఎక్కకపోతే చిక్కు. బండి ఆకారాన్ని అనుమతి లేకుండా మార్చడమూ 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కుదరదు. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ గడువు, ఇన్సూరెన్స్, అప్పు ఉందా లేదా అన్న వివరాలు కనిపిస్తాయి. అప్పు ఉంటే బ్యాంకు కాగితంతో ఫారం 35 ఇచ్చి దాన్ని తీయించాకే డబ్బు ఇవ్వాలి.

అమ్మేవారు ఫారం 29, కొనేవారు ఫారం 30. రాష్ట్రంలోనే రిజిస్టరైన బండి అయితే అమ్మినవారు 14 రోజుల్లోగా తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లోగా. ఏపీ 03 అని ఉంటే చిత్తూరు జిల్లాలో రిజిస్టరైన పాతబండి. ఏపీ 39 అయితే 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే కోడ్ అయ్యాక వచ్చింది. తమిళనాడు, కర్ణాటక నంబరు అయితే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్వోసీ తప్పనిసరి. ఇక్కడ పన్ను కూడా కట్టాలి. ఆ లెక్క ముందే వేసుకోకపోతే 'బెంగళూరులో చవగ్గా దొరికింది' అన్న ఆనందం ఆర్టీవో ఆఫీసు గుమ్మం దాకానే.

సొంత కార్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. ఆ తరవాత ఫిట్‌నెస్ పరీక్షలో గట్టెక్కితే అయిదేళ్లకోసారి పొడిగిస్తారు. ఆ ఫీజును 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5 వేలకు పెంచారు. 20 ఏళ్లు దాటిన బండ్లకు 2025లో ఇంకా పెంచారు. జిప్సీల్లో చాలావాటికి ఈ గడప ఎదురయ్యేదే.

పేరు మార్చకపోతే నష్టం కొన్నవారికే అనుకుంటారు. అమ్మినవారికే ఎక్కువ! 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ల కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది... ఆర్టీవో పుస్తకాల్లో ఎవరి పేరుందో వారే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యతా వారిదే. బండి నాలుగు చేతులు మారినా సరే. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోపే కొత్త యజమాని పేరు మీదికి మార్పించుకోవాలి.

మళ్లీ తోట దగ్గరికి...

మన రైతు ఏం చేశాడు? అల్లుడితో గొడవపడలేదు. మెకానిక్ చేత కాగితం రాయించాడు. హబ్, రెండువైపులా సీళ్లు, మూడుచోట్లా ఆయిళ్లు. ''నువ్వు బాగు చేయించి ఇస్తావా, నన్ను చేయించుకోమని ధర తగ్గిస్తావా?'' అని అడిగాడు. అల్లుడు ధర తగ్గించేందుకు ఒప్పుకున్నాడు. ''డబ్బు ఇప్పుడు కాదు. బాగయినాక ఓ తూరి మా తోటకి తోలుకురా. అక్కడ చూసి ఇస్తా'' అన్నాడు రైతు.

పది రోజులకు బండి వచ్చింది. ముందురోజు రాత్రే ఓ మోస్తరు వాన పడింది. మట్టిదారి మొదట్లోనే గుంట. కొడుకు స్టీరింగ్ పట్టుకున్నాడు. ముందు టూ హెచ్‌లోనే పోనిచ్చాడు. వెనక చక్రాలు బురద చిమ్మాయి. బండి ఆగిపోయింది. దిగి హబ్‌లు లాక్ చేసి, ఎక్కి చిన్న రాడ్డు లాగాడు. ముందు చక్రాలు ఓసారి తడబడి, మట్టిని పట్టుకుని, బండిని నెమ్మదిగా గుంటలోంచి పైకి లాగాయి.

కొడుకు వేలితో డ్యాష్‌బోర్డు చూపిస్తూ ''చూసినావా నాయనా, లైటు!'' అన్నాడు.

తండ్రి అటు చూడలేదు. వెనక్కి తిరిగి, బురదలో పడిన చక్రాల జాడలు చూస్తున్నాడు.